గేమ్ రివ్యూకి డబ్బు: మాటకా, గంటకా, ఆటకా?

చిన్న సైటు పెట్టుకుని బయటివాళ్ళతో గేమ్ రివ్యూలు రాయించుకుందామంటే ముందు ఎదురయ్యే ప్రశ్న "మాటకెంత ఇస్తావు బ్రో?" అనేదే. ఇంగ్లీషు సైట్ల వాడుక అది, మనకీ అదే నోటికొస్తుంది. కానీ రివ్యూలో రాయడం అనేది చివరి నాలుగైదు గంటల పని. అసలు శ్రమ దానికి ముందుంటుంది, ఆ ఆడే పని ఒక ఆటకి రెండు గంటలు కావచ్చు, 'పెర్సోనా 5' లాంటిదానికి వంద గంటలు కావచ్చు, చివరికి సైట్లోకి ఎక్కేది మాత్రం రెండిటికీ అవే తొమ్మిది వందల మాటలు.

అందుకని ముందే చెప్పేస్తున్నా, నా ఓటు ఆట నిడివిని బట్టి ఖాయం చేసుకున్న మొత్తానికే. మిగతా పద్ధతులు ఎక్కడ తన్నేస్తాయో, ఎక్కడ పనికొస్తాయో కూడా చెబుతాను, అందరి జేబూ ఒకేలా ఉండదు కదా. నేను రాస్తున్నది బెంగళూరులో మారతహళ్ళి, కేఆర్ పురం, బీటీఎం చుట్టుపక్కల ఉంటూ, పగలు ఉద్యోగం రాత్రి తెలుగు సైటు అన్నట్టు నడిపేవాళ్ళ కోసం. వెనక పెట్టుబడిదారు ఎవరూ లేరు, జీతంలోంచి నెలకి ఓ పన్నెండు వేలు తీసి పక్కన పెట్టగలరు, అంతే.

మాటకింత

రూపాయి లెక్క వేసి చూద్దాం. మాటకి రూపాయి అనుకుందాం, 900 మాటల రివ్యూకి 900 రూపాయలు. 2023లో వచ్చిన 'వెన్బా' ఉంది, కెనడాకి వలస వెళ్ళిన తమిళ కుటుంబం, వంటల చుట్టూ తిరిగే కథ, గంటన్నర రెండు గంటల్లో అయిపోతుంది. రాయడానికి నాలుగు గంటలు కలిపితే ఆరు గంటల పని, గంటకి 150 రూపాయలు పడింది. ఇప్పుడు అదే రేటుకి 'ది విచర్ 3' ఇవ్వండి. పక్క పనులు ముట్టుకోకుండా అసలు కథ ఒక్కటే పూర్తి చేసినా 50 గంటల వరకూ పడుతుంది, రాయడానికి ఇంకో ఐదు. గంటకి 16 రూపాయలు. బెంగళూరులో చాలా చోట్ల ఆ డబ్బుకి ఒక టీ వస్తే గొప్ప.

ఇలా ఇస్తే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. రాసేవాళ్ళు మొదటి ఐదారు గంటలు ఆడి, మిగతాది యూట్యూబులో వాక్‌త్రూ (ఎవరో ఆట మొత్తం ఆడి పెట్టిన వీడియో) ఒకటిన్నర స్పీడులో చూసేసి రాస్తారు. వాళ్ళని తిట్టి లాభం లేదు, మీరిచ్చిన డబ్బుకి వచ్చే పని అదే. పైగా మాటకి డబ్బంటే మాటలు పెరుగుతాయి: కథ మొత్తం చెప్పేయడం, గ్రాఫిక్స్ గురించి ఒక పేరా, సౌండ్ గురించి ఒక పేరా, ఎవరూ అడగని కంపెనీ చరిత్ర ఒక పేరా.

తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లీషులో నాలుగైదు మాటలు పట్టే సంగతి మనకి విభక్తులూ క్రియారూపాలూ అతుక్కుని ఒకటి రెండు మాటల్లో అయిపోతుంది. అందువల్ల ఇంగ్లీషు రేటుని యథాతథంగా దింపుకుంటే, అదే విషయం అదే లోతులో రాసిన తెలుగు రచయితకి తక్కువ ముడుతుంది. మాట లెక్కే కావాలని పట్టుబట్టేవాళ్ళు కనీసం రేటైనా పెంచి పెట్టండి.

వార్తలకీ, కొత్త ట్రైలర్ మీద నాలుగు పేరాలకీ, ప్యాచ్‌లో (ఆటకి తర్వాత వచ్చే సవరణలో) ఏం మారిందో చెప్పే ముక్కలకీ మాత్రం మాటకింత అనేది బాగానే నడుస్తుంది. అక్కడ ఆడే పని లేదు, రాసిందే పని.

గంటకింత

వినడానికి ఇదే అన్నిటికంటే న్యాయంగా ఉంటుంది. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఎన్ని గంటలు ఆడారో కనిపిస్తుంది, స్క్రీన్‌షాట్ పంపితే చాలు, పీఎస్5లోనూ ప్రొఫైల్‌లో గంటలు చూపిస్తుంది. కానీ ఆ మీటర్ ఆట తెరిచి ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. పాజ్ చేసి అన్నం తినొచ్చినా, మెనూ తెరిచిపెట్టి నిద్రపోయినా గంటలే. మోసం అక్కర్లేదు, మతిమరుపు చాలు. ఇక మనిషికీ మనిషికీ వేగం తేడా. ఆటలో ఒకే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర ఒకరు అరగంటలో బయటపడతారు, ఇంకొకరు మూడు రాత్రులు చస్తూ ఉంటారు, రెండోవాళ్ళకి ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలో ఎడిటర్‌కి అర్థం కాదు. అడిగితే మాటామాటా పెరుగుతుంది. చిన్న సైటుకి ఈ లెక్కల పేచీ అనవసరం. తప్పదంటే ఇన్ని గంటలకి మించి ఇవ్వనని ముందే గీత గీయండి. గీత గీశాక అది దాదాపు ఖాయం మొత్తమే అవుతుంది, అదే నేను చెప్పేది.

యాడ్ డబ్బులో వాటా

"ఇప్పుడు డబ్బుల్లేవు, వచ్చినదాంట్లో సగం నీకే" అని చెప్పడం తేలిక, మొహమాటం కూడా ఉండదు. గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగుకి కూడా ఉంది కాబట్టి వినడానికి నమ్మకంగానే ఉంటుంది. లెక్క మాత్రం ఇలా ఉంటుంది. వెయ్యి వ్యూలకి 60 రూపాయలు వచ్చాయనుకుందాం, ఒక రివ్యూని మూడు వేల మంది చదివారనుకుందాం. 180 రూపాయలు, అందులో సగం 90. అదైనా చేతికి రావాలంటే యాడ్‌సెన్స్ ఖాతాలో మొత్తం 100 డాలర్లు దాటాలి, అప్పటిదాకా గూగుల్ పైసా పంపదు. చిన్న సైటుకి ఆ గీత దాటడానికి నెలలు పడుతుంది. మార్చిలో రాసిన రివ్యూకి దీపావళికి 90 రూపాయలు ఫోన్‌పే చేయడం ఇద్దరికీ సిగ్గుగానే ఉంటుంది.

నాకు దీనిలో నచ్చని సంగతి ఇంకోటుంది. వాటా అనగానే రాసేవాళ్ళ కన్ను వ్యూల మీద పడుతుంది. ఎవరికీ తెలియని చిన్న ఆట బాగుందని నిదానంగా చెప్పేవాళ్ళు తగ్గి, పేరున్న ఆటని చెత్త అని తిట్టేవాళ్ళు పెరుగుతారు. సైటు మీరూ, ఇంకో ఇద్దరు స్నేహితులూ కలిసి పెట్టుకున్నదైతే వాటాలు వేసుకోండి, అది భాగస్వామ్యం. బయటి మనిషి దగ్గర పని చేయించుకుని మీ సైటు నష్టాన్ని వాళ్ళ నెత్తిన వేయడం మాత్రం పద్ధతి కాదు.

కీ ఇస్తాం, పేరొస్తుంది

వంటమనిషి చేతికి గరిటె ఇచ్చి ఇదే నీ జీతం అన్నట్టుంటుంది ఇది. కీ అంటే ఆటని ఉచితంగా తెరుచుకునే కోడ్, అది పనికి కావలసిన సరుకు. డబ్బుతో పాటు కీ ఇవ్వండి, డబ్బుకి బదులు ఇవ్వకండి. పద్దెనిమిదేళ్ళ కాలేజీ కుర్రాళ్ళు సంతోషంగా ఒప్పుకుంటారు, నిజమే, రెండు రివ్యూలు రాసి మూడోదానికి ఫోన్ ఎత్తరు, అదీ నిజమే.

కీ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో రివ్యూలో చెప్పడం మాత్రం మర్చిపోవద్దు. 2022 జూన్‌లో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం వాటిని విడమరిచి చెప్పింది. సారం ఏమిటంటే డబ్బే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువు కూడా ఇచ్చినవాళ్ళతో సంబంధం కిందికే వస్తుంది, చదివేవాళ్ళకి అది స్పష్టంగా, చెప్పే భాషలోనే చెప్పాలి. "ఈ ఆట కీ పబ్లిషర్ ఉచితంగా ఇచ్చారు" అని రివ్యూ పైన ఒక్క వాక్యం పెడితే పనైపోతుంది. అడుగున చిన్నక్షరాల్లో దాచకండి.

ఇక ఆట నిడివిని బట్టి

నేను చెప్పే అమరిక ఇది, అంకెలు మీ జేబుని బట్టి మార్చుకోండి. ఐదు గంటల లోపు అయిపోయే ఆటకి 1,500, ఐదు నుంచి ఇరవై గంటల దాకా 3,000, ఆ పైన 5,000. నెలకి పన్నెండు వేలుంటే ఒక పెద్దది, ఒక మధ్యరకం, రెండు చిన్నవి రాయించుకోవచ్చు, పదకొండు వేలవుతుంది, మిగిలిన వెయ్యితో చిన్న ఆటలు కొనుక్కోవచ్చు.

నిడివి ఎలా తెలుస్తుందంటారా? హౌ లాంగ్ టు బీట్ సైట్లో ఆడినవాళ్ళు పెట్టిన గంటల సగటు ఉంటుంది, అసలు కథకి వేరుగా, పక్క పనులతో కలిపి వేరుగా. కథ అంకెనే పట్టుకోండి. ఇంకా విడుదల కాని ఆటకైతే తయారుచేసినవాళ్ళు చెప్పినదాన్ని బట్టి అంచనా వేసుకుని, తప్పితే తర్వాత సర్దుతానని ముందే మాటివ్వండి. సరిహద్దు మీద పడేవి ఎప్పుడూ ఉంటాయి. పుణెలోని నోడింగ్ హెడ్స్ స్టూడియో 2020లో తెచ్చిన 'రాజీ' ఐదారు గంటల ఆట, 1,500 ఇవ్వాలా 3,000 ఇవ్వాలా? ఇలాంటిచోట రాసేవాళ్ళ వైపే మొగ్గండి. 1,500 తేడాతో మీ సైటు మునగదు, మనిషి మాత్రం నిలబడతాడు.

దీనికీ ఒక లోపం ఉంది, దాచడం ఎందుకు. పై రేట్ల ప్రకారం మూడు గంటల ఆటకి, రాయడంతో కలిపి ఏడు గంటలు, గంటకి 214 పడుతుంది. పదిహేను గంటల ఆటకి 150. విచర్ లాంటిదానికి 55 గంటలకి 5,000 అంటే 91. పెద్ద ఆటలకి నిజమైన ధర కట్టే స్తోమత చిన్న సైటుకి ఉండదు, ఏ పద్ధతిలోనైనా ఉండదు. అందుకే పెద్ద ఆటని పూర్తి చేయమని అడగకండి. పన్నెండు గంటలు ఆడి "మొదటి అభిప్రాయం" అని రాయించుకోండి, ఎన్ని గంటలు ఆడారో, ఎక్కడ ఆపారో పైనే వేయండి, 3,000 ఇవ్వండి. పాఠకులకి కావలసింది చాలాసార్లు అదే: నా దగ్గరున్న ల్యాప్‌టాప్‌లో ఆడుతుందా, మొదటి పది గంటలు విసుగా, పూర్తి ధరకి కొనాలా సేల్ దాకా ఆగాలా. పూర్తి చేసిన తర్వాత రచయితకే ఇంకా చెప్పాలని ఉంటే రెండో భాగానికి విడిగా డబ్బివ్వండి. సగమే ఆడి పూర్తి రివ్యూ అని పేరు పెట్టి, కింద పదికి ఎనిమిదిన్నర మార్కులు వేయడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఖాయం మొత్తంతో పాటు ఒప్పుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది, రివ్యూ మధ్యలో ఆగిపోతే ఏమిటి? సోనీ ఆన్‌లైన్ ఆట 'కాంకర్డ్' 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబరు 6న సర్వర్లు ఆపేశారు. అప్పటికి పదిహేను గంటలు ఆడి సగం రాసిన మనిషి సంగతేమిటి? తప్పు వాళ్ళది కాదు. అలాంటప్పుడు కనీసం సగం ఇవ్వాలని ముందే రాసుకోండి, మీరే మనసు మార్చుకుని వద్దన్నా అంతే. రెండోది, మళ్ళీ చూడాల్సి రావడం. 2020 డిసెంబరు 10న వచ్చిన 'సైబర్‌పంక్ 2077' పీఎస్4లో ఎంత ఘోరంగా ఉందంటే వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లోంచే తీసేసింది, 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. ఇలాంటి ఆటకి ప్యాచ్‌లు వచ్చాక "ఇప్పుడెలా ఉందో ఒకసారి చూసి నాలుగు ముక్కలు కలుపు" అని వాట్సాప్‌లో పడేస్తాం చూడండి, అది కూడా పనే. దానికి చిన్న ఆట రేటు ఇవ్వండి.

నెల జీతంలా

సైటు కాస్త నిలదొక్కుకుని, ఒకే మనిషి వరసగా బాగా రాస్తుంటే నెలకి ఇంత అని ఖాయం చేయడం ఇద్దరికీ సుఖం. నెలకి ఎనిమిది వేలు, ఒక పెద్దది లేదా మధ్యరకం, దానితో రెండు చిన్నవి అని. పని తక్కువున్న నెల వాళ్ళకి లాభం, ఎక్కువున్న నెల మీకు. కొత్తవాళ్ళతో మాత్రం దీనితో మొదలుపెట్టకండి, మూడు నాలుగు రివ్యూలు విడివిడిగా చేయించుకున్నాక చూడండి.

మన ఊళ్ళో దీనికొక తలనొప్పి ఉంది. రాసేవాళ్ళలో చాలామంది ఐటీ ఉద్యోగులు. పోటీ కంపెనీలకి పనిచేస్తున్నారని 300 మందిని తీసేశామని 2022 సెప్టెంబరులో విప్రో చెప్పినప్పటి నుంచి మూన్‌లైటింగ్ (ఉద్యోగం చేస్తూ పక్కన ఇంకో పని) అంటే అందరికీ టెన్షనే. గేమ్ రివ్యూ పోటీ వ్యాపారం కాకపోయినా నెలనెలా ఒకే చోటు నుంచి డబ్బు పడుతుంటే రెండో ఉద్యోగంలా కనిపిస్తుంది. ఆఫర్ లెటర్‌లో ఏముందో చూసుకుని, అవసరమైతే హెచ్చార్‌ని అడిగి రమ్మనండి. నీళ్ళు నములుతుంటే ఒక్కో ఆటకి విడిగా ఇచ్చే పద్ధతిలోనే ఉండండి. దానికీ అనుమతి అడగమనే కంపెనీలున్నాయి, అది వాళ్ళు చూసుకోవాల్సిన సంగతి.

ఆట ఎవరు కొనాలి

సైటే కొనాలి. ఇందులో చర్చ లేదు. పీఎస్5 కొత్త ఆట ఐదు వేల దాకా ఉంటుంది, 5,000 ఇచ్చి ఐదు వేల ఆట నువ్వే కొనుక్కో అంటే ఉచితంగా రాయమన్నట్టే. రచయిత దగ్గర డిస్క్ పెట్టే మోడల్ ఉంటే డిస్కే కొనండి, రివ్యూ అయ్యాక వెనక్కి తీసుకుని ఇంకో రచయితకి ఇవ్వొచ్చు, లేదా మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్‌లోనో ఆన్‌లైన్‌లోనో అమ్ముకుంటే కొంత డబ్బు తిరిగొస్తుంది. డిజిటల్‌గా కొంటే అది వాళ్ళ ఖాతాలోనే ఉండిపోతుంది, దాన్ని బోనస్ అనుకోండి.

స్టీమ్ రీఫండ్ తెలివితేటలు వద్దు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల లోపు ఆడితే డబ్బు వెనక్కిస్తారు కదా అని వెన్బా లాంటి చిన్న ఆటని పూర్తి చేసి రీఫండ్ కొట్టే మహానుభావులున్నారు. కొద్దిమంది కలిసి ఏళ్ళ తరబడి చేసిన ఆట అది. నచ్చలేదని రాయండి, డబ్బు మాత్రం ఇచ్చి రాయండి.

ఇంకో చిన్న సంగతి, గడువు పెట్టేటప్పుడు డౌన్‌లోడ్‌ని కూడా లెక్కలోకి తీసుకోండి. 'బాల్డర్స్ గేట్ 3'కి 150 జీబీ ఖాళీ కావాలి. పీజీలో ఫ్లోర్ మొత్తం పంచుకునే వైఫై మీద అది రాత్రి పదకొండుకి పెడితే పొద్దున లేచేసరికి ముప్పై శాతం దగ్గర ఆగి ఉంటుంది, మధ్యలో కరెంటు పోయి రౌటర్ ఆగిందంటే ఇంకో రాత్రి. శుక్రవారం కీ ఇచ్చి సోమవారం రివ్యూ అడిగితే ఎలా?

ఎప్పుడివ్వాలి, ఎలా

రివ్యూ పెట్టిన రోజు ఇస్తామనడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి, నాకు బొత్తిగా నచ్చనిది కూడా. మీ బద్ధకానికో, మీ సర్వర్ పాడైనదానికో, పబ్లిషర్ ఎంబార్గోకో (ఫలానా తేదీ దాకా రివ్యూ బయటపెట్టొద్దనే షరతు) రాసినవాళ్ళ డబ్బు ఆగిపోతుంది. రాసింది చేతికొచ్చి, ఒక విడత దిద్దుబాట్లు అయ్యాక వారంలోపు యూపీఐ కొట్టేయండి. రచయిత ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్నవాళ్ళైతే చట్టం కూడా వాళ్ళ వైపుంది: 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉన్నా 45 రోజులకి మించి ఆపకూడదు. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ.

పన్ను సంగతి క్లుప్తంగా. సైటు మీ సొంత పేరు మీద, చిన్న టర్నోవర్‌తో నడుస్తుంటే టీడీఎస్ కోయాల్సిన పని సాధారణంగా ఉండదు. ప్రైవేట్ లిమిటెడో ఎల్ఎల్‌పీనో పెట్టారంటే, ప్రొఫెషనల్ ఫీజు ఒక మనిషికి ఏడాదిలో 50 వేలు దాటితే పది శాతం కోయాలి. 2025 ఏప్రిల్‌కి ముందు ఈ గీత 30 వేల దగ్గరుండేది. నెలకి ఎనిమిది వేల మనిషి ఏడో నెలకే ఆ గీత దాటేస్తాడు, పాన్ నంబరు మొదటి నెలలోనే తీసిపెట్టుకోండి.

హక్కుల గురించి ఎవరూ మాట్లాడరు, ఇబ్బంది వచ్చేదాకా. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కాని మనిషి రాసినదానికి మొదటి హక్కుదారు రాసినవాళ్ళే, మీరు డబ్బిచ్చినా సరే. హక్కు మీకు రావాలంటే రాతలో ఉండి వాళ్ళు సంతకం చేయాలి. ఎన్నాళ్ళో రాయకపోతే ఐదేళ్ళే, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. చిన్న సైటుకి మొత్తం హక్కు లాక్కోవలసిన అవసరం కూడా లేదు. ఆర్నెల్లు మీ దగ్గర మాత్రమే, ఆ తర్వాత వాళ్ళు తమ బ్లాగులోనో యూట్యూబు స్క్రిప్టుగానో వాడుకోవచ్చు, మీ సైట్లో అది ఎప్పటికీ ఉంటుంది అని రాసుకుంటే సరిపోతుంది. రేటు తక్కువ ఇస్తున్నప్పుడు హక్కుల దగ్గరైనా చెయ్యి వదులుగా ఉండాలి.

ఇదంతా వకీలు దగ్గరికి వెళ్ళి రాయించుకోనక్కర్లేదు. హక్కుల ముక్క ఒక్కటి కాగితం మీద సంతకంతో పెట్టుకుని, మిగతాది పని మొదలుపెట్టే ముందు మెయిల్‌లో ఇలా పంపి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకోండి:

"నమస్తే అండి. ఈ ఆటకి రివ్యూ, 800 నుంచి 1,000 మాటలు. ఆట మేమే కొనిస్తాం, మీ దగ్గరే ఉంచుకోండి. మధ్యరకం కింద 3,000 రూపాయలు. కథ పూర్తి చేయాలి, పక్క పనులు మీ ఇష్టం. ఇరవై గంటలు దాటేలా ఉంటే ఆడటం ఆపి నాకు చెప్పండి, రేటు మారుస్తాం. ఒకసారి దిద్దుబాట్లు, అవయ్యాక వారంలో యూపీఐ. మా వైపు నుంచి ఆగిపోతే 1,500. మార్కులు మీరు వేసినవే ఉంటాయి, నేను మార్చను. మీకు సరేనంటే పాన్ నంబరు, యూపీఐ ఐడీ పంపండి, ఈ రోజే కొనేస్తాను."